డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే మెచ్చుకోలా, నిందా?

చిరుజల్లు (హైదరాబాద్)
రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఒక్క ఇంగ్లిష్ మాట వల్ల మూడు రోజులుగా నాకు మనసు మనసులో లేదు. భాష తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

మా ఆఫీసులో రెండు టీమ్‌ల మధ్య గొడవ వచ్చింది. క్లయింట్‌కి ఇవ్వాల్సిన పని నెల రోజులు ఆలస్యమైంది. తప్పు మాదంటే మీదని ఒకళ్ల మీద ఒకళ్లు తోసుకున్నాం. విచారణకి వేరే విభాగం నుంచి ఒక సీనియర్ మేడమ్‌ని వేశారు. ఆవిడకి మాతోనూ వాళ్లతోనూ ఏ లావాదేవీ లేదు. మూడు వారాలు పాత మెయిళ్లన్నీ తవ్వి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడి రిపోర్ట్ ఇచ్చారు. అందులో మా టీమ్ తప్పులూ ఉన్నాయి. అయినా చదివాక, ఇంతకంటే న్యాయంగా ఎవరూ రాయలేరనిపించింది. ఆ సంతోషంలో ఆవిడకి మెయిల్ పెట్టాను, 'మీ డిస్‌ఇంట్రెస్టెడ్ ఎంక్వయిరీకి థ్యాంక్స్' అని. పైవాళ్లు ఇద్దరికి కాపీ కూడా పెట్టాను.

జవాబు రాలేదు. మూడో రోజు క్యాంటీన్ దగ్గర ఎదురుపడి, 'మా బాబు పరీక్షలప్పుడు కూడా రాత్రిళ్లు కూర్చుని చేశాను. ఇంట్రెస్ట్ లేకుండా చేశానని రాశావా? అదీ అందరికీ తెలిసేలా?' అన్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు నోట మాట రాలేదు.

పక్షపాతం లేకుండా అనే అర్థంలోనే రాశాను. కాలేజీలో అలాగే చదువుకున్నాను. ఇంటికొచ్చి ఆన్‌లైన్ డిక్షనరీ చూస్తే రెండు అర్థాలూ ఉన్నాయి. ఇప్పుడు తప్పు నాదా, ఆవిడదా, ఆ మాటదా?

బడిపంతులు (తెనాలి)
రాత్రి 10:55

అమ్మా, తప్పు నీది కాదు. నువ్వు రాసింది నూటికి నూరుపాళ్లు సరైన ఇంగ్లిష్. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి, ఈ మాట దగ్గర ప్రతి ఏడాదీ ఒక పీరియడ్ ఆగేవాణ్ణి.

పిల్లలకి ఇలా చెప్పేవాణ్ణి. మన ఊళ్లో ఇద్దరు రైతులకి గట్టు దగ్గర తగాదా వచ్చింది. పెద్దమనిషిని పిలిచారు. ఆ పెద్దమనిషికి ఆ చుట్టుపక్కల సెంటు భూమి లేదు, ఇద్దరిలో ఎవరూ చుట్టం కాదు, ఎవరి దగ్గరా బాకీ లేదు. అతను డిస్‌ఇంట్రెస్టెడ్. కానీ ఎండలో గొలుసు పట్టుకుని కొలిపిస్తాడు, పాత రాళ్లు ఎక్కడున్నాయో వెతికిస్తాడు, ఇద్దరి మాటా చివరిదాకా వింటాడు. అంటే అతను అన్‌ఇంట్రెస్టెడ్ కాదు. చెట్టుకింద కునుకు తీసి, 'సగం సగం చేసుకోండర్రా' అని లేచిపోయేవాడు అన్‌ఇంట్రెస్టెడ్. మొదటివాడికి స్వలాభం లేదు. రెండోవాడికి శ్రద్ధ లేదు.

ఈ తేడా చెరిగిపోతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఉన్న చక్కటి మాటని పాడుచేసి, డిక్షనరీలు కూడా దానికి తలూపాయి.

పాతపుస్తకం (విశాఖపట్నం)
రాత్రి 11:30

మాస్టారూ, మీ గట్టు తగాదా ఉదాహరణ నేను దాచుకుంటాను. కానీ 'పాడుచేశారు' అన్న దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. ఈ మాట చరిత్ర మనం అనుకునేదానికి తలకిందులుగా ఉంది.

డిస్‌ఇంట్రెస్టెడ్‌కి 'పట్టింపు లేని' అనే అర్థం ఈమధ్య పుట్టిన తప్పు కాదు, అదే పాతది. 17వ శతాబ్దపు కవి జాన్ డన్ రాతల్లో ఆ వాడుకని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపిస్తుంది. ఇంకా విచిత్రం, అన్‌ఇంట్రెస్టెడ్‌కి మొదట ఉన్న అర్థం 'నిష్పక్షపాతం'. అంటే రెండు మాటలూ ఈరోజు మీరు చెప్పే అర్థాలకి సరిగ్గా ఎదురు దిక్కుల్లో మొదలయ్యాయి. 18వ శతాబ్దంలో కుండమార్పిడి పెళ్లిళ్లలాగా చోట్లు మార్చుకున్నాయి. డిస్‌ఇంట్రెస్టెడ్ పాత అర్థం దాదాపు కనుమరుగైంది. 20వ శతాబ్దం మొదట్లో అదే మళ్లీ పైకి తేలింది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఈ కథంతా వివరంగా చెబుతుంది.

కాబట్టి చిరుజల్లు గారి మేడమ్ విన్నది తప్పు అర్థం కాదు. పుట్టినప్పటి అర్థం విన్నారు.

బడిపంతులు
ఉదయం 6:10

ఇది నాకు తెలియదు బాబూ. తెల్లవారుజామున లేచి మీరు చెప్పిందే చదువుకుంటూ కూర్చున్నాను. పుట్టుక గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒక మాట. పుట్టుకని బట్టి హక్కు తేలదు. రెండు వందల ఏళ్లు ఒక ఇంట్లో బాధ్యతగా ఉన్నవాణ్ణి, 'నీకంటే ముందు ఇక్కడ ఇంకొకడు ఉండేవాడు' అని బయటికి పంపం కదా. అమెరికన్ హెరిటేజ్ డిక్షనరీవాళ్లు రచయితల, పాత్రికేయుల ప్యానెల్ ఒకటి పెట్టుకుని ఇలాంటి మాటల మీద అభిప్రాయం అడిగేవారు. సమస్య పరిష్కారానికి అయిదు నిమిషాలు కూడా కేటాయించని మనిషిని డిస్‌ఇంట్రెస్టెడ్ అనొచ్చా అని అడిగితే, 1980లో 93 శాతం మంది కూడదన్నారు. 1988లో 89 శాతం మంది కూడదన్నారు. రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఇంత గట్టిగా నిలబడ్డారంటే ఊరికే కాదు. ఆ తేడా వాళ్లకి రోజూ పనికొస్తోంది.

కొత్తనీరు (బెంగళూరు)
ఉదయం 9:05

సార్, గౌరవంతోనే చెబుతున్నా. ప్యానెల్ 90 శాతం వద్దంటే ఏంటి, జనం వాడుతున్నారు కదా. నైస్ అనే మాటకి ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం. లాటిన్‌లో 'తెలియనివాడు' నుంచి వచ్చింది. ఈరోజు ఎవరినైనా నైస్ అంటే కోప్పడతారా? భాష పారే నీరు. నేను పనిచేసే చోట డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే అందరికీ ఒకటే అర్థం, మీటింగ్‌లో ఫోన్ చూసుకునేవాడు. అది నేర్చుకుని ముందుకు పోవడమే మంచిది.

నల్లకోటు (గుంటూరు)
ఉదయం 11:40 (కోర్టు విరామంలో)

కొత్తనీరు తమ్ముడూ, నైస్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. నైస్ పాత అర్థం చచ్చిపోయింది, దాన్ని నమ్ముకుని ఈరోజు ఎవరూ సంతకం పెట్టడం లేదు. డిస్‌ఇంట్రెస్టెడ్‌కి మాస్టారు చెప్పిన అర్థం మీద ఈరోజుకీ ఆస్తులూ జైలుశిక్షలూ ఆధారపడి ఉన్నాయి.

అసలు ముడి ఇంట్రెస్ట్ అనే మాటలోనే ఉంది. మామూలు మనిషికి అది ఆసక్తి. బ్యాంకులో వడ్డీ. మా దస్తావేజుల్లో 'రైట్, టైటిల్, ఇంట్రెస్ట్' అని రాస్తే అది ఆస్తిలో ఉన్న ప్రయోజనం. కోర్టులో ఇంట్రెస్టెడ్ విట్‌నెస్ అంటే కేసు మీద ఆసక్తి ఉన్న సాక్షి అని కాదు, తీర్పు ఒక పక్కకి వస్తే తనకి లాభం కలిగే సాక్షి అని.

హత్య కేసుల్లో డిఫెన్స్ వాళ్లు మొట్టమొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే, 'ఈ సాక్షి చనిపోయినవాడి తమ్ముడు, కాబట్టి ఇంట్రెస్టెడ్' అని. 1981లో సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రభుత్వం వర్సెస్ కల్కి కేసులో దీన్ని విడమర్చి చెప్పింది. బంధువు కావడం వేరు, ఇంట్రెస్టెడ్ కావడం వేరు. కేసు ఫలితం వల్ల ఏదో లబ్ధి పొందేవాణ్ణే ఇంట్రెస్టెడ్ అనాలి. అంతకంటే ముందు, 1953 నాటి దలీప్ సింగ్ కేసులో ఇంకా లోతైన సంగతి చెప్పారు. సొంతవాణ్ణి పోగొట్టుకున్న బంధువు అసలు నేరస్థుణ్ణి వదిలేసి ఎవరో అమాయకుణ్ణి ఇరికించడం సాధారణంగా జరగదు, ఎందుకంటే అసలువాడికి శిక్ష పడాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది ఆ బంధువే. చూశారా, ఆ తమ్ముడికి పట్టింపు ఉంది, కడుపుకోత ఉంది, కానీ లాభం లేదు. ఒకే మాటలో ఉన్న ఈ రెండు పోగులనీ విడదీయలేకపోతే ఆ సాక్ష్యం విలువ తేల్చలేం.

కంపెనీల చట్టం 2013లోనూ అంతే. బోర్డు ముందుకొచ్చిన ఒప్పందంలో ఒక డైరెక్టర్‌కి సొంత ప్రయోజనం ఉంటే అతను ఇంట్రెస్టెడ్ డైరెక్టర్. ఆ సంగతి బయటపెట్టాలి, సాధారణంగా ఆ చర్చలో కూర్చోకూడదు. కూర్చునేవాళ్లు ఇంట్రెస్ట్ లేనివాళ్లు. వాళ్లు ఆవులించేవాళ్లయితే కంపెనీ మునుగుతుంది.

విరామం అయిపోయింది, మళ్లీ వస్తాను.

డాలస్ పక్షి (టెక్సాస్)
మధ్యాహ్నం 12:15

నల్లకోటు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. పోయినేడు మేమిద్దరం వీలునామా రాయించుకున్నాం. ఇక్కడ టెక్సాస్‌లో టైపు చేసిన వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలి, పద్నాలుగేళ్లు నిండి నమ్మదగినవాళ్లయితే చాలు. కానీ వీలునామాలో ఆస్తి పొందేవాళ్లే సాక్షి సంతకం పెడితే వాళ్లకి రాసిన భాగం చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే లాయర్ పంపిన సూచనల్లో 'ఇద్దరు డిస్‌ఇంట్రెస్టెడ్ విట్‌నెస్‌లని తీసుకురండి' అని ఉంది.

నేను మా పక్కింటి తెలుగాయనకి ఆ మెయిల్ అలాగే ఫార్వర్డ్ చేశాను. ఆయన, 'మీ కుటుంబం మీద ఇంట్రెస్ట్ లేనివాళ్లు కావాలంటే నన్నెందుకు పిలుస్తున్నారు? పదకొండేళ్లుగా పండగలన్నీ కలిసి చేసుకుంటున్నాం కదా' అని చిన్నబుచ్చుకున్నారు. నేను వెంటనే వెళ్లి కూర్చుని, 'అన్నయ్యా, మా ఆస్తిలో మీకు వాటా లేదని మాత్రమే దాని అర్థం. మేమంటే అభిమానం ఉన్న మనిషే కావాలి' అని చెప్పాక నవ్వారు. ఆయనే వచ్చి సంతకం పెట్టారు. మా అమ్మాయి మాత్రం మేము సంతకాలు పెట్టేంతసేపూ బయట గదిలో కూర్చుంది.

డెస్క్ దీపం (విజయవాడ)
మధ్యాహ్నం 3:30

పత్రికలో సబ్ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక నదీజలాల వివాదం మీద ఏజెన్సీ కాపీ వచ్చింది. డిస్‌ఇంట్రెస్టెడ్ నిపుణులతో కమిటీ వేయాలని ఎవరో కోరారు. రాత్రి పన్నెండు దాటింది, పేజీ వెళ్లిపోవాలి. 'ఆసక్తి లేని నిపుణులతో కమిటీ' అని అనువదించి పంపేశాను. పొద్దున అచ్చులో చూసుకున్నాక చాలా సేపు ఆ పేజీ మడిచి పక్కన పెట్టలేకపోయాను. ఆసక్తి లేనివాళ్లతో కమిటీ ఎవరు అడుగుతారు? ఆ ఒక్క ప్రశ్న నాకు రాత్రే తట్టి ఉండాల్సింది.

అప్పటినుంచి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ మాట తర్వాత ఇంగ్లిష్‌లో 'ఇన్' వస్తే, అంటే 'డిస్‌ఇంట్రెస్టెడ్ ఇన్' ఫలానాది అని ఉంటే, అది పట్టింపు లేకపోవడమే. అదే సలహా, సాక్షి, తీర్పు, విచారణ లాంటి నామవాచకానికి ముందు నేరుగా వస్తే చాలావరకు స్వప్రయోజనం లేకపోవడం. అక్కడా అనుమానం ఉంటే ఆ మనిషి ఆ వాక్యంలో ఏం చేస్తున్నాడో చూస్తాను.

తెలుగులో ఏం రాయాలన్నది ఇంకో గొడవ. నిష్పక్షపాతం అనొచ్చు గానీ అది ఇంపార్షియల్‌కి దగ్గర. పక్షపాతం మనసులో ఉండే మొగ్గు. స్వప్రయోజనం బయట కాగితాల్లో కనిపించేది. వాటా ఉండి కూడా నిష్పక్షపాతంగా ఉండగలవాళ్లు ఉంటారు, వాటా లేకుండా పక్షపాతం చూపేవాళ్లూ ఉంటారు. నిస్వార్థ అంటే త్యాగమూర్తిలా వినిపిస్తుంది. నేను ఎక్కువగా 'ఫలితంతో సంబంధం లేని' అని రాస్తున్నాను. పొడుగే, కానీ ఎవరూ పొరబడరు.

కొత్తనీరు
సాయంత్రం 5:20

నల్లకోటు అన్నా, డాలస్ పక్షి గారూ, మీ ఇద్దరి మాటలు చదివాక నైస్ ఉదాహరణ ఇక్కడ అతకదని ఒప్పుకుంటున్నా. చట్టంలో ఆ అర్థం బతికే ఉందని నాకు తెలియదు. కానీ నా అసలు వాదన అలాగే ఉంది. మామూలు మెయిల్‌లో ఎదుటివాళ్లకి తప్పుగా అందే మాట ఎందుకు? మన భాషలో ఇలాంటి గందరగోళం ఉందా? తెలుగులో శ్రద్ధ లేకపోవడానికీ లాభం లేకపోవడానికీ ఎవరైనా ఒకే మాట వాడతారా?

గోదారిగట్టు (రాజమండ్రి)
రాత్రి 8:45

వాడతాం తమ్ముడూ. రోజూ వాడుతున్నాం. పొద్దున నుంచి ఈ చర్చ చదువుతూ, ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను.

'అధికారుల ఉదాసీనత' అని పేపర్లో ఎన్నిసార్లు చదివి ఉంటావు? కాలువ పూడిక తీయలేదు, వంతెన రెయిలింగ్ విరిగినా పట్టించుకోలేదు, అధికారుల ఉదాసీనత. అక్కడ ఉదాసీనత అంటే నిర్లక్ష్యం. ఇప్పుడు భగవద్గీత తీయి. ఆరో అధ్యాయం తొమ్మిదో శ్లోకంలో స్నేహితుడు, శత్రువు, బంధువుల వరసలో ఉదాసీనుడు అనే ఒక మనిషి ఉన్నాడు. శంకరాచార్యుల భాష్యం అతను ఎవరో చెబుతుంది, ఎవరి పక్షమూ పట్టనివాడు. తిట్టు కాదు, నీ డిస్‌ఇంట్రెస్టెడ్ అచ్చంగా అదే.

పన్నెండో అధ్యాయం పదహారో శ్లోకం ఇంకా చూడాలి. 'అనపేక్షః శుచిర్దక్ష ఉదాసీనో గతవ్యథః'. భగవంతుడికి ఇష్టమైన భక్తుడి లక్షణాలు చెబుతూ దక్షుడు, ఉదాసీనుడు అని పక్కపక్కనే పెట్టారు. దక్షుడంటే పనిలో సమర్థుడు, చురుకైనవాడు. నేటి తెలుగు పేపర్ భాషలో ఇవి రెండూ కలవవు. ఉదాసీనంగా ఉండే ఇంజినీరు సమర్థుడైన ఇంజినీరు ఎలా అవుతాడు? గీతలో మాత్రం విరోధం లేదు. పని మీద మనసంతా ఉంది, ఫలితం జేబులో వేసుకోవాలని లేదు.

ఇది ఒక్క మాటకి పట్టిన గతి కాదు. ఉపేక్ష చూడండి. పతంజలి యోగసూత్రాల్లో మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల మంచికి సంతోషించడం) అనే గుణాల పక్కన, సమభావం అనే అర్థంలో కూర్చున్న మాట అది, బౌద్ధుల్లోనూ గొప్ప గుణం. ఈరోజు 'అక్రమాలను ఉపేక్షించేది లేదు' అంటున్నాం. అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. తటస్థుడు అంటే తటం మీద, గట్టు మీద నిలబడ్డవాడు. ప్రవాహంలో కొట్టుకుపోకుండా రెండు వైపులా చూడగలవాడు. అదే గట్టుని పట్టుకుని 'గట్టున కూర్చుని చోద్యం చూస్తున్నాడు' అని తిడతాం.

అన్నిటికంటే నన్ను కదిలించేది అనాసక్తి. గాంధీజీ గుజరాతీలో గీతకి చేసిన అనువాదం పేరు అనాసక్తి యోగం. 1930లో వచ్చింది. ఫలం మీద తగులుకోకుండా పని చేయడం అనే అర్థంలో ఆయన ఆ పేరు పెట్టారు. ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహానికి దండి దాకా నడిచిన మనిషి ఆయన. ఇప్పుడు మన పేపర్లో 'పట్టణ ఓటర్లలో అనాసక్తి' అని హెడ్డింగ్ వస్తుంది. అంటే ఇంట్లోంచి కదలనివాళ్లని. దేశమంతా కదిలించిన మనిషి ఎంచుకున్న మాట, గడప దాటనివాళ్లకి వాడుతున్నాం. రెండూ తెలుగు పాఠకుడికి సహజంగానే తోస్తాయి.

లాభం లేనిదే మనిషి ఎందుకు కష్టపడతాడు అన్న అనుమానం మనలో బలంగా ఉండటం వల్లే ఇలా జరుగుతుందని నాకు అనిపిస్తుంది. 'ఇందులో ఆయనకేంటి?' అని అడుగుతాం. ఏమీ లేదంటే, అయితే మనసు పెట్టి చేసి ఉండడులే అనుకుంటాం. ఇంగ్లిష్‌వాళ్లూ అలాగే అనుకుని ఉంటారు, మనవాళ్లూ అలాగే అనుకున్నారు. అందుకే ఈ అర్థంలో ఏ మాట పెట్టుకున్నా కొన్నాళ్లకి నిర్లక్ష్యం వైపు జారుతోంది. చిరుజల్లు గారి మేడమ్ బాధపడింది కూడా సరిగ్గా ఆ జారుడు దగ్గరే.

డెస్క్ దీపం
రాత్రి 9:10

గోదారిగట్టు గారూ, 'అధికారుల ఉదాసీనత' నేనే కనీసం వందసార్లు రాసి ఉంటాను. పన్నెండో అధ్యాయం చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర కంఠస్థం చేశాను కూడా. రెండూ ఒకే మాట అని ఈ రాత్రి దాకా స్ఫురించలేదు.

పాతపుస్తకం
రాత్రి 9:35

అద్భుతంగా చెప్పారు. దీనికి ఒక చిన్న సంగతి కలుపుతాను. ఇంట్రెస్ట్ అనేది లాటిన్ నుంచి వచ్చింది. ఇంటర్ అంటే మధ్య, ఎస్సె అంటే ఉండటం. మధ్యలో ఉన్నవాడికి ఆ విషయం పడుతుంది, అతనికి అందులో ఏదో ఉంది. మన మధ్యస్థుడు కూడా మధ్యలో ఉన్నవాడే. కానీ మన దగ్గర మధ్యలో నిలబడ్డవాడికి ఏ వాటా లేదు. ఒకే బొమ్మ, రెండు భాషల్లో ఎదురు అర్థాలు.

ఫ్రెంచివాళ్లు ఈ చిక్కుని నామవాచకాల్లో విడదీసుకున్నారు. స్వార్థం లేకపోవడానికి డెజాంతెరెస్‌మాఁ, ఆసక్తి లేకపోవడానికి డెజాంతెరె. ఇంగ్లిష్‌లోనూ కొంత అలాంటిది ఉంది. డిస్‌ఇంట్రెస్ట్ అంటే ఎక్కువగా పట్టింపు లేకపోవడం, డిస్‌ఇంట్రెస్టెడ్‌నెస్ అంటే ఎక్కువగా స్వలాభం చూడకపోవడం. విశేషణం దగ్గరే రెండూ ఒకే గదిలో ఉండిపోయాయి.

ఇంకొకటి, స్వలాభం లేకపోతే ఇష్టమూ ఉండదన్న భ్రమ గురించి. జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో అందం గురించి రాస్తూ, అది స్వప్రయోజనం కలవని ఆనందం అన్నాడు. ఇంగ్లిష్‌లో అక్కడ వాడేది ఈ డిస్‌ఇంట్రెస్టెడ్ మాటే. నూజివీడు వైపు మామిడి తోట పూతకి వచ్చినప్పుడు చూడండి. తోట గుత్తకి పట్టే వ్యాపారి చెట్టుకి ఎన్ని కాయలు నిలుస్తాయో లెక్కవేస్తూ నడుస్తాడు. బస్సు కిటికీలోంచి చూసే పిల్లకి ఆ తోటలో ఒక్క కాయ కూడా రాదు. ఆ పిల్లే మెడ తిప్పుకుని, కనుమరుగయ్యేదాకా చూస్తుంది.

బడిపంతులు
రాత్రి 10:00

బాబూ, ఆ బస్సు కిటికీ పిల్ల నాకు ముప్పై ఏళ్ల కిందట దొరికి ఉంటే ఆ పీరియడ్ ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

నల్లకోటు
రాత్రి 10:25

మధ్యస్థుడు అన్నారు కాబట్టి ఒక ప్రశ్న, గోదారిగట్టు గారూ. మా దగ్గర పోలీసులు ఏదైనా స్వాధీనం చేసుకునేటప్పుడు ఇద్దరు బయటివాళ్లని పిలిచి, వాళ్ల ఎదుట రాసి సంతకాలు తీసుకుంటారు. ఉత్తరాదిలో పంచనామా అంటే, మన జిల్లాల్లో 'మధ్యవర్తుల నివేదిక' అంటారు. ఆ మధ్యవర్తులు రాజీ చేసేవాళ్లు కారు, కేసుతో సంబంధం లేని సాక్షులు. గీతలోని ఆ శ్లోకంలోనే ఉదాసీనుడి పక్కన మధ్యస్థుడు కూడా ఉన్నాడు కదా. ఇద్దరికీ తేడా ఏంటి?

గోదారిగట్టు
రాత్రి 10:50

మంచి ప్రశ్న అడిగారు. శంకరులు ఇద్దరినీ విడదీశారు. ఉదాసీనుడు ఎవరి పక్షమూ పట్టడు. మధ్యస్థుడు, గొడవపడుతున్న ఇద్దరి మేలూ కోరేవాడు. మొదటివాడు పక్కకి జరిగి కూర్చున్నాడు, రెండోవాడు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. చిరుజల్లు గారి మేడమ్ మూడు వారాలు చేసింది రెండోవాడి పని.

చిరుజల్లు
మర్నాడు, సాయంత్రం 6:30

ఇంత వస్తుందని అనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి మా అమ్మకి కూడా చదివి వినిపించాను.

ఇవాళ లంచ్ టైమ్‌లో మేడమ్ క్యాబిన్‌కి వెళ్లాను. ముందు క్షమించమని అడిగాను. డిక్షనరీ చూపించి వాదించాలని వెళ్లలేదు. మాస్టారి గట్టు తగాదా చెప్పాను. ఎండలో గొలుసు పట్టించి కొలిపించే పెద్దమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో ముందుకి జరిగారు. 'మా తాతగారు అలాంటి తగాదాలు తీర్చేవారు, ఒక్క పూట భోజనం కూడా వాళ్ల ఇళ్లల్లో చేసేవారు కాదు' అన్నారు. తర్వాత ఉదాసీన, మధ్యస్థ సంగతి చెప్పాను. 'ఆ రెండో మాట నాకు ఇష్టం' అన్నారు.

మరి ఇంగ్లిష్‌లో ఏం రాయమంటారు అని అడిగితే, 'ఫెయిర్ అని రాయి చాలు. పక్కన కేర్‌ఫుల్ అని కూడా రాయి. రెండూ విడివిడిగా రాస్తే ఎవరికీ అనుమానం రాదు' అన్నారు. మధ్యాహ్నమే కొత్త మెయిల్ పంపాను, అదే ఇద్దరిని కాపీలో పెట్టి. మొదటి మెయిల్‌లో నేను వాడిన మాట ఆవిడ శ్రద్ధ గురించి కాదని, ఆవిడకి ఏ పక్షంలోనూ వాటా లేకపోవడం గురించి అని ఒక వాక్యంలో స్పష్టంగా రాశాను. రాత్రిళ్లు కూర్చుని చేశారన్న సంగతి కూడా కలిపాను, అది పైవాళ్లకి తెలియదట.

డెస్క్ దీపం గారూ, ఒక సహాయం. వచ్చే నెల మా ఆఫీసు తెలుగు సంఘం ఆవిడకి చిన్న సన్మానం చేస్తోంది. జ్ఞాపికలో రెండు పంక్తులు తెలుగులో రాయాలి. 'ఇరువర్గాల మేలు కోరిన మధ్యస్థురాలు' అని అనుకుంటున్నాను. మధ్యస్థురాలు అనొచ్చా, ఎబ్బెట్టుగా ఉంటుందా?

డెస్క్ దీపం
సాయంత్రం 7:05

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, కానీ చెవికి అలవాటు లేని రూపం, జ్ఞాపిక మీద అందరూ అక్కడ ఆగుతారు. 'ఇరువర్గాల మేలు కోరి మధ్యస్థంగా నిలిచినందుకు' అని రాయండి.

బడిపంతులు
సాయంత్రం 7:20

'మధ్యస్థంగా' అంటే ఓ మోస్తరుగా అని కూడా అర్థం వస్తుందమ్మా. ధర మధ్యస్థంగా ఉంది అంటాం కదా. 'ఇరువర్గాల మేలు కోరి మధ్యన నిలిచినందుకు' అను.

డెస్క్ దీపం
సాయంత్రం 7:22

అవును మాస్టారూ. మీరు చెప్పిందే రాయమనండి.